మూడు ఊళ్ల కోరల దొర

ఆ రోజుల్లో మా హిందూపురం పక్కన వానలకు కరువుండేది, ఉద్యోగాలకు కరువుండేది, దయ్యాలకు మాత్రం ఎప్పుడూ కరువు లేదు. వీధికొకటి చొప్పున సమృద్ధిగా ఉండేవి. అయితే అవి మరీ మన దయ్యాలు. ఎవరినో ఒకరిని పట్టుకోవడం, ఒక కోడిపిల్లనో ఒక రవికె గుడ్డనో అడిగి పుచ్చుకోవడం, వేపమండలతో నాలుగు దెబ్బలు తిని వెళ్లిపోవడం, అంతే వాటి బతుకు. హైస్కూలు ముగించి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకున్న మాలాంటి కుర్రవాళ్లకు వాటిమీద గౌరవం ఉండేది కాదు. దొరల దేశంలో రైళ్లు, గడియారాలు, గొడుగులు అన్నీ గొప్పవే అయినప్పుడు దయ్యాలు మాత్రం గొప్పవి కాకుండా పోతాయా అని మా నమ్మకం. (తెల్లవాళ్ల పెత్తనం పోవాలని సభల్లో చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టింది కూడా మేమే. ఆ వయసులో రెండు అభిప్రాయాలు ఒకే బుర్రలో ఇరుకు లేకుండా కాపురం చేస్తాయి.)

అట్లాంటి సమయంలో మా మేనత్త కొడుకు బెంగుళూరు నుంచి ఊడిపడ్డాడు. అక్కడ రెండేళ్లు కాలేజీలో చదివి, పరీక్ష తప్పి, ఒక కోటూ ఒక ఇంగ్లీషు నవలా తెచ్చుకున్నాడు. అందరం ఆయన్ను బెంగుళూరు బావ అనేవాళ్లం. ఆ నవలకు అట్టా లేదు, చివరి పేజీలూ లేవు. మధ్యలో ఉన్నంతవరకు బావ చదివి నాకు కథ చెప్పాడు. ఒక దొర ఉంటాడట. వందల ఏళ్ల కిందటే చచ్చిపోయాడట. పగలంతా పెట్టెలో పడుకుని, చీకటి పడగానే లేచి, జనం మెడ కొరికి నెత్తురు తాగుతాడట. అద్దంలో కనపడడట. వెల్లుల్లి వాసన తగిలితే పారిపోతాడట. ఇంట్లోవాళ్లు రమ్మని పిలవనిదే గడప దాటడట. "మన చుట్టాలకన్నా మర్యాదస్తుడే బావా" అన్నాను. నాకు ఆ దొర వెంటనే నచ్చాడు.

బావకు ఒక లిఖిత పత్రిక ఉండేది. (పేరు చెప్పను, ఆ పేరు విని ఇప్పుడు బావే నవ్వుతాడు.) అచ్చు వేయించే స్తోమత లేనివాళ్లు ఆ రోజుల్లో పత్రికలు చేత్తోనే రాసేవాళ్లు. తెల్ల కాగితాలు దారంతో కుట్టి, రంగు బొమ్మలు వేసి, ఒకరి తర్వాత ఒకరికి పంపేవాళ్లు. చివర నాలుగు పేజీలు ఖాళీగా వదిలేవాళ్లు. చదివినవాళ్లు తమ అభిప్రాయం వాటిలో రాసి పక్కవాళ్లకు ఇవ్వాలని నియమం. మా పత్రికకు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు ఊళ్లలోనూ పాఠకులు ఉండేవాళ్లు. మొదట్లో ఒకే ప్రతి తిరిగేది. అది పెనుకొండలో ఒక పెద్దాయన దగ్గర నలభై రోజులు ఇరుక్కుపోవడంతో, ఊరికొక ప్రతి రాయాలని బావ నిర్ణయించాడు. రాసేది ఎవరు? నా చేతిరాత బాగుంటుందని ఊరంతా అనేది. నాలో ఇంకే గుణం గురించీ ఊరు ఏమీ అనేది కాదు కాబట్టి, ఆ ఒక్కదానికే ఉబ్బిపోయి ఒప్పుకున్నాను. దానితోపాటు 'కోరల దొర' అని ఒక సీరియల్ మొదలుపెట్టాను. నెలనెలా మూడు ప్రతులు రాసి, రెండింటిని రైల్లో పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవాణ్ణి.

మా నాయన బెల్లం మండీలో తూకం గుమాస్తా. నేను అరుగు మీద కాగితాలు పరుచుకుని కూర్చుంటే, ఆయన వాటిని తొక్కకుండా పక్కనుంచి నడిచిపోయేవాడు. అంతకన్నా ఎక్కువ ఆదరణ మా పత్రికకు ఆయన దగ్గర దొరకలేదు. "నీ దయ్యాలు నాకెందుకురా, బెల్లం మూటలు చూసుకోనీకే నాకు పొద్దు చాలదు" అనేవాడు.

మొదటి నెల అన్ని ఊళ్లూ బాగుందన్నాయి. రెండో నెల వెల్లుల్లి దగ్గర దెబ్బ తిన్నాను. హిందూపురం ప్రతి మండీలో చదివేవాళ్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మండీ యజమాని మూటల మీద ఒరిగి, ఒకడి చేత చదివించి, హమాలీలతో సహా వినేవాడు. ఆయన్ను నేను మామా అనేవాణ్ణి. ఆయన రాయించిన అభిప్రాయం ఇది: "వెల్లుల్లి లేని ఊరిబిండి మన పక్క యాడుండాదప్పా? ఈ దొర ఈడికొస్తే పస్తులుండి సావల్ల. అది తీసేయ్." (ఊరిబిండి అంటే మా పక్క రోటిపచ్చడి.) పెనుకొండ నుంచి ఒకటిన్నర పేజీ వచ్చింది. రాసినది వకీలు దగ్గర పనిచేసే ముసలి గుమాస్తా. మాట మాటకూ చట్టం లెక్క చెబుతాడని అందరూ ఆయన్ను సెక్షన్ తాత అనేవాళ్లు. "ఉల్లి, వెల్లుల్లి ముట్టని కుటుంబములకు మాత్రమే యీ పిశాచము వలన అపాయము కలుగునని రచయిత సూచించుట మిక్కిలి పక్షపాతము. మా వీధికంతటికి రక్షణ యేమి?" అని ఆయన ప్రశ్న. (ఆ వారం ఆ వీధిలో రెండు ఇళ్ల దొడ్లలో వెల్లుల్లి గుత్తులు వేలాడాయని, అడిగితే ఆవుకు మందు అన్నారని తర్వాత విన్నాను.) ధర్మవరంలో మగ్గాల ఇళ్లవాళ్లు చదివేవాళ్లు. అక్కడొక అవ్వ పట్టునూలు చుడుతూ కూర్చుంటే కోడలు చదివి వినిపించేది. అవ్వ చెప్పింది కోడలు రాసేది. "పాపం, ఆ బిడ్డకు వెల్లుల్లి పడదేమో. మా చిన్నోడికి వంకాయ పడదు. అంతమాత్రానికే వాణ్ణి ఇంట్లోనుంచి తరుముతాండామా?" అని అవ్వ.

ముగ్గురికీ కోపం తెప్పించడం నాకు ఇష్టం లేదు. నిజం చెప్పాలంటే ఎవరికీ కోపం తెప్పించడం నాకు ఇష్టం ఉండేది కాదు. ఎటూ మూడు ప్రతులు రాయాల్సిందే కదా, మూడింటిలోనూ ఒకటే ఉండాలని ఎవరు చెప్పారు అనిపించింది. మూడో నెల హిందూపురం ప్రతిలో వెల్లుల్లి ఎగిరిపోయింది. పెనుకొండ ప్రతిలో దొర తులసి కోటను చూసి హడలిపోయాడు, వీధి మొత్తం ఊపిరి పీల్చుకుంది. ధర్మవరం ప్రతిలో ఒక ముసలావిడ అతనికోసం వెల్లుల్లి వేయకుండా వేరుగా చారు కాచింది. మూడు ఊళ్ల నుంచీ మెప్పులే మెప్పులు.

ఆ రుచి మరిగాక నేను ఆగలేదు. మండీకి నెత్తురు కావాలి. "ఏమబ్బా, ఈ నెల ఒకడే సచ్చినాడు? కాగితాలు తక్కువొచ్చినాయా?" అని మామ నన్ను నడివీధిలో నిలబెట్టి అడిగాడు. మరుసటి నెల ఏడుగురిని చంపాను. ఆ పై నెల ఒక పెళ్లిబృందం మొత్తాన్ని దొర చేత తాగించాను. హమాలీలు లేచి నిలబడి ఈలలు వేశారట. పెనుకొండకు న్యాయం కావాలి. ఆ ఊళ్లో కోర్టు ఉంది, కోట ఉంది. దయ్యమంటూ ఉంటే అది తమ పాత కోటలోనే ఉండాలని, దాని మీద విచారణ తమ కోర్టులోనే జరగాలని సెక్షన్ తాత పట్టు. సరే అని దొరను అరెస్టు చేయించాను. చిక్కేమిటంటే ముద్దాయి పగలు పెట్టెలోనుంచి లేవడు, కోర్టు రాత్రి కూర్చోదు. అందువల్ల వాయిదా మీద వాయిదా పడేది. కథ అంగుళం కదలకపోయినా పెనుకొండవాళ్లు ఆహా ఎంత సహజంగా ఉందని కొనియాడారు. ధర్మవరం అవ్వకు మాత్రం ఒకటే దిగులు. "ఆ బిడ్డకు తల్లి లేదు, తండ్రి లేడు, వేళకింత పెట్టేవాళ్లు లేరు. కడుపు కాలితే ఎవురైనా కొరుకుతారు. పెండ్లి చేస్తే కుదురుకుంటాడు" అని రాయించింది. పిల్లను కూడా తానే చెప్పింది, నేతపనివాళ్ల పిల్ల. ఒక నెల ఆ పిల్ల పట్టుచీర మీద రెండు నెత్తురు చుక్కలు పడ్డాయని రాస్తే, అవ్వ మండిపడింది. "పట్టు మీద నెత్తురు పడితే పోతాదా? నేసినోళ్ల కష్టం ఏమైపోవల్ల? కొరికించేదుంటే ఆ పిల్లకు నూలుచీర కట్టియ్." అప్పటినుంచి ధర్మవరంలో దొర నూలుచీరల మీద మాత్రమే కొరికాడు. కొన్నాళ్లకు అదీ మానేసి నిశ్చితార్థం చేసుకున్నాడు.

ఇట్లా ఏడాది తిరిగేసరికి బావ పెద్ద వార్త మోసుకొచ్చాడు. మద్రాసులో వారపత్రిక నడిపే సంపాదకులొకరు చుట్టాలింటి ఉపనయనానికి పెనుకొండ వస్తున్నారట. మూడు ఊళ్లలోనూ మోగిపోతున్న 'కోరల దొర' గురించి ఎవరో ఆయన చెవిన వేశారట. మా పత్రిక వార్షికోత్సవం పెనుకొండలోనే పెడితే అధ్యక్షత వహిస్తాననీ, కథ నచ్చితే అచ్చు వేస్తాననీ కబురు చేశారట. అచ్చు! ఆ పూటే నాయన దగ్గరికి పోయి, నన్ను మండీలో పెట్టొద్దనీ, మద్రాసు పోయి పత్రికల్లో పని వెతుక్కుంటాననీ చెప్పేశాను. అప్పటికే ఆయన మామతో మాట్లాడి నాకు తూకం పని ఖాయం చేసి ఉన్నాడు. మీసం సవరించుకుని, "సరే. అచ్చులో నీ పేరు పడిందంటే మద్రాసుకు పో, నేను అడ్డం రాను. పడలేదంటే మారు మాట్లాడకుండా మండీకి రావల్ల" అన్నాడు. ఒప్పుకున్నాను. ముగ్గురు దొరలూ ఒకే సభకు వస్తారన్న సంగతి ఆ సంతోషంలో నా బుర్రకు తట్టనే లేదు. తట్టింది రైలు పెనుకొండలో ఆగాక, ప్లాట్‌ఫారం మీద ధర్మవరం అవ్వ కోడలి చెయ్యి పట్టుకుని నడుస్తూ కనిపించినప్పుడు.

సభ ఒక సత్రంలో, ఎండ ఇంకా చల్లారకముందే మొదలైంది. సంపాదకులవారు జరీ కండువా వేసుకుని, నెమ్మదిగా నవ్వుతూ కూర్చున్నారు. మామ ఆరుగురు హమాలీలతో వచ్చాడు. నేను ఒక స్తంభం వెనక చోటు చూసుకున్నాను. ప్రార్థన అయింది, స్వాగతం అయింది. పాఠకులు ఎవరైనా మాట్లాడవచ్చు అనగానే మామ లేచాడు.

"మా దొర మాదిరి చంపేటోడు ఈ సీమలో పుట్టలేదప్పా. పోయిన నెల పెండ్లోళ్లనందరినీ ఒక్క దెబ్బకు తాగేసినాడు" అన్నాడు మామ గర్వంగా, తన కొడుకు పరీక్ష పాసైనట్టు.

"ఎవురు నాయనా పెండ్లోళ్లను తాగింది?" అంది అవ్వ.

"ఇంగెవురు? కోరల దొరే."

"నోరు కడుక్కో పో. ఆ బిడ్డకు ఇంకా ముహూర్తమే పెట్టుకోలేదు, అప్పుడే ఇట్లాంటివి పుట్టిస్తాండారా? ఎవురన్నా వింటే పిల్లనిస్తారా?"

సెక్షన్ తాత కర్ర పైకెత్తాడు. "ఇద్దరూ గమ్మునుండండి. ముద్దాయి మూడు నెలల నుంచి లాకప్పులో ఉండాడు. లాకప్పులో ఉండేవాడు పెండ్లి ఎట్లా చేసుకుంటాడు, పెండ్లివారిని ఎట్లా తాగుతాడు? సాక్ష్యం లేకుండా మాట్లాడితే పరువునష్టం కిందికి వస్తాది."

"లాకప్పా? మా దొరను పట్టుకునే మొగోడెవుడు?" అని ఒక హమాలీ లేచాడు. "నా అల్లుణ్ణి జైల్లో పెట్టినారా!" అని అవ్వ ఏడుపు అందుకుంది. ధర్మవరం నేతగాళ్లు నలుగురు ఆమె వెనక నిలబడ్డారు. పెనుకొండవాళ్లు తమ కోర్టును అవమానించారని కేకలు వేశారు. చొక్కా చేతులు మోచేతుల పైకి పోయాయి. ఒక దయ్యం గుణగణాల మీద మూడు ఊళ్లు కొట్టుకునే దాకా వచ్చాయి, దయ్యాన్ని పుట్టించినవాడు స్తంభం వెనక చెమటలు కక్కుతున్నాడు. మా పత్రిక సంపాదకుడైన బావ మంచినీళ్లు తాగి వస్తానని బయటికి వెళ్లాడు. మళ్లీ రెండు రోజుల తర్వాత హిందూపురంలో కనిపించాడు.

మద్రాసు పెద్దమనిషి మాత్రం తొణకలేదు. మూడు ఊళ్ల ప్రతులూ తెప్పించుకుని పక్కపక్కన పెట్టుకున్నారు. కాసేపు పేజీలు తిప్పి, "చేతిరాత ఒక్కటే. ఈ చెయ్యి ఎవరిదండీ?" అన్నారు. స్తంభం వెనక నుంచి రాక తప్పలేదు. ఉన్నదంతా చెప్పేశాను. మోసం చేశానని తంతారని చూశాను. మామ మాత్రం సెక్షన్ తాత వైపు తిరిగి, "మీకు కోర్టుది గూడా రాసిచ్చినాడా? మాకు ఒక్క వాయిదా గూడా లేకపాయె" అన్నాడు దిగులుగా. అవ్వ కళ్లు తుడుచుకుని, "పెండ్లి నిలిచిపోలేదు కదా, అంతే చాలు" అంది.

సంపాదకులవారు నన్ను దగ్గరికి పిలిచారు. "చూడు బాబూ, నాకు ఒక కథ చాలు. ఈ మూడింట్లో నీది ఏది?"

జీవితంలో నన్ను అంత సులువైన ప్రశ్న ఎవరూ అడగలేదు. మామ ముఖం చూశాను. నెత్తురుదే అని చెప్పమంటున్నాడు. తాత ముఖం చూశాను. అవ్వ వైపు చూడలేకపోయాను. ఎవరి పేరు చెప్పినా మిగిలిన ఇద్దరికీ కోపం వస్తుంది. నా మనసులో ఏముందో వెతికి చూస్తే అక్కడ ఆ ముగ్గురే కూర్చుని ఉన్నారు, నేను కనపడలేదు. చివరికి నా నోటినుంచి వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతాయి. "తమకు ఎట్లాంటిది కావాలో చెప్పండి సార్, నాలుగోది రాసిస్తాను" అన్నాను.

ఆయన నవ్వారు. ఎగతాళిగా కాదు, అదే నాకు ఎక్కువ బాధ. మూడు ప్రతులూ తీసుకుపోతానని అడిగి, సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు. తీసుకుపోయారు కదా, ఏదో ఒకటి వేయకపోతారా అని నేను రెండు నెలలు తపాలా బంట్రోతు దారి కాచాను.

ఒక పొద్దున వారపత్రిక వచ్చింది. నాయన మండీకి బయలుదేరబోతూ ఆగిపోయాడు. గబగబా పేజీలు తిప్పాను. రెండు నిండు పేజీలు వేశారు. కథ కాదు, ఖాళీ పేజీల్లో మావాళ్లు రాసిన అభిప్రాయాలు. మామ ఊరిబిండి, తాత పక్షపాతము, అవ్వ నూలుచీర, ఒక్క అక్షరం మార్చకుండా, కింద ఎవరి పేరు వాళ్లకు పెట్టి. అవ్వ పేరైతే పెద్ద అక్షరాల్లో ఉంది. (ఆవిడకు అక్షరాలు రావు. ఆ పత్రికను దేవుడి పటం పక్కన పెట్టుకుందని తర్వాత కోడలు రాసింది.)

"నీ పేరు యాడుండాదిరా?" అన్నాడు నాయన.

పైన ఒక వాక్యం చూపించాను. "హిందూపురపు యువకుడొకడు రాసిన కథపై పాఠకుల అభిప్రాయములు" అని ఉంది.

"యువకుడొకడు అంటే ఎవురు?"

"నేనే నాయనా."

"పేరు లేదు కదా."

"లేదు."

ఆయన కొక్కేనికున్న చొక్కా తీసుకుంటూ, అటు తిరిగే, "ఏమేం రాసినారో చదువు, వింటా" అన్నాడు. మొదటినుంచీ చదివాను. చిట్టచివర ఒక చిన్న అభిప్రాయం ఉంది, దాని కింద మాత్రం ఏ పేరూ లేదు. హిందూపురం ప్రతిలో ఎవరో పెన్సిలుతో కూడబలుక్కుని రాసినట్టు గుర్తు. దానిని నేను అప్పట్లో లెక్కచేయలేదు. "దొర తల దువ్వుకోబోయి, అద్దంలో తన మొగం తనకే కనపడక, చేత్తో తడుముకొన్న కాడ" అని చదివాను. ఆ తర్వాత మాటల మీద అచ్చు సిరా అలుక్కుపోయి ఉంది. కళ్లు చిట్లించి చూస్తూ ఆగిపోయాను.

"నాకు కష్టమనిపించె. అట్లాంటివి ఇంగా రెండు రాసుంటే బాగుండు" అన్నాడు నాయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

కాగితం వెలుగుకు పట్టి చూశాను. మరక కింద అవే మాటలు ఉన్నాయి, నేను ఇంకా పైకి చదవనివి. ఆ అద్దం ముక్క నేను ఎవరికోసమూ రాయలేదు. ఒక నెల అర పేజీ మిగిలిపోతే, ఏం తోస్తే అది రాసి నింపాను. వెల్లుల్లి గొడవ తర్వాత మూడు ప్రతుల్లోనూ ఒక్క మాట తేడా లేకుండా ఉన్నది అదొక్కటే. దానిని గురించి మామా, తాతా, అవ్వా ఒక్క ముక్క అనలేదు, అందుకే అట్లాంటిది మళ్లీ రాయలేదు. తలెత్తి నాయనను చూశాను. ఆయన నన్ను చూడలేదు. "మండీకి పొద్దు పోతాండాది, లెయ్" అన్నాడు.

లేచాను. ఆ రోజు మొదలు మండీలోనే ఉండిపోయాను. మామ చనువుగా అప్పుడప్పుడూ "ఒకణ్ణి చంపరా, వింటాం" అనేవాడు గానీ మళ్లీ కలం పట్టలేదు. నాయనా నేనూ ఎన్నో ఏళ్లు పొద్దున్నే కలిసి ఆ దారిన నడిచాం. నన్ను ఇంకా ఎట్లాంటివి రాయమంటావు నాయనా అని అడుగుదామని ప్రతి రోజూ అనుకునేవాణ్ణి, ఒక్క రోజూ అడగలేదు. మూడు ఊళ్లకు ఏం కావాలో అడిగి అడిగి రాసినవాణ్ణి, అరుగు మీద కాగితాలు తొక్కకుండా పోయే మనిషిని అడగడానికి మాత్రం నాకు నోరు రాలేదు. అడిగినా ఆయన చెప్పేవాడా? "తూకం చూడరా, ముల్లు అటు పోతాండాది" అనేవాడు.